బాగున్న పాము ఎవరికి బాగు?

పామును డబ్బిచ్చి కొనుక్కునేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. ఈ మాట మా గూడేల్లో చెబితే ముందు నవ్వుతారు. తర్వాత "ఎంతకి కొంటారు?" అని అడుగుతారు. అమెరికాలో, బ్రిటన్‌లో మనం కుక్కపిల్లను తెచ్చుకున్నట్టు పామును తెచ్చుకుని గాజుపెట్టెలో పెంచుకుంటారు. ఆ సరదా ఇప్పుడు మన పెద్ద నగరాలకూ వచ్చింది. 2023 ఏప్రిల్‌లో కౌలాలంపూర్ నుంచి చెన్నై విమానాశ్రయంలో దిగిన ఒక ప్రయాణికురాలి పెట్టెల్లో 22 పాములు దొరికాయి. కొనేవాళ్ళు లేకపోతే అంత దూరం నుంచి ఎవరూ మోసుకురారు.

కొనేవాళ్ళకు అనుభవజ్ఞులు చెప్పే మొదటి జాగ్రత్త ఒకటుంది. జబ్బు పామును తెచ్చుకోకండి, బాగున్నదాన్ని చూసి ఎంచుకోండి అని. వినడానికి ఇది సంతలో వంకాయలు ఏరుకోమన్నంత మామూలు మాట. కానీ దీని లోపల ఒక నీతి ప్రశ్న ఉంది. పాము బాగుందా లేదా అని చూసే కన్ను ఎవరి బాగు కోసం చూస్తోంది? తరతరాలుగా పొలంగట్ల మీద, పుట్టల దగ్గర పామును చూస్తూ బతికిన యానాదుల బిడ్డగా ఈ ప్రశ్న నాకు ఊరికే వచ్చింది కాదు.

ముందు ఆ చూపు ఎలాంటిదో తెలుసుకుందాం. పాము అరవదు, మూలగదు. దాని ముఖంలో బాధ కనపడదు. కుక్కకు నొప్పి వస్తే కుంటుతుంది, కుయ్యిమంటుంది. పాముకు ఆ దారి లేదు. దాని ఒళ్ళే దాని భాష. ఆ భాష రానివాడికి చచ్చిపోయే పాముకూ బతికే పాముకూ తేడా తెలియదు.

కళ్ళతో మొదలుపెట్టాలి. బాగున్న పాము కళ్ళు తేటగా మెరుస్తుంటాయి. కుబుసం విడిచే ముందు కొన్నాళ్ళు పాలనీలంగా మసకబారతాయి, అది జబ్బు కాదు. కుబుసం విడిచాక కూడా కంటి మీద పాత పొర అతుక్కుని ఉంటే మాత్రం దానికి తేమ చాలలేదని, చూసుకునేవాడు సరిగా చూడలేదని అర్థం. ముక్కు రంధ్రాల దగ్గర బుడగలు, తడి ఉండకూడదు. నోరు తెరుచుకుని తల పైకెత్తి ఊపిరి తీస్తుంటే ఊపిరితిత్తుల్లో జబ్బు చేరిందేమోనని అనుమానించాలి. నోటి లోపల తీగలు సాగే జిగురు గానీ, పెరుగు తరకల్లాంటి పదార్థం గానీ ఉంటే చిగుళ్ళు కుళ్ళుతున్నట్టు.

తర్వాత ఒళ్ళు. వెన్నెముక కత్తి అంచులా పైకి తేలకూడదు. పక్కల చర్మం ముడతలు పడి వేలాడకూడదు. చుట్టుకున్నప్పుడు లోతైన మడతలు పడితే ఒంట్లో నీళ్ళు తగ్గాయేమో చూడాలి. పొలుసుల సందుల్లో, కంటి చుట్టూ, గడ్డం కింద ఆవగింజకన్నా చిన్న నల్లచుక్కలు కదులుతుంటే అవి నెత్తురు తాగే పురుగులు. పాము ఎప్పుడూ నీళ్ళ గిన్నెలోనే పడుకుంటున్నా, ఆ నీళ్ళలో నల్లచుక్కలు తేలుతున్నా అదే అనుమానం. మలద్వారం పొడిగా, శుభ్రంగా ఉండాలి. పొట్ట కింద ఎర్రటి మచ్చలు, పుండ్లు ఉండకూడదు.

చివరికి చేతిలోకి తీసుకుని చూడాలి. బాగున్న పాము చేతిని గట్టిగా పట్టుకుంటుంది, నాలుక ఆడిస్తూ చుట్టూ వాసన పడుతుంది. వెల్లకిలా తిప్పితే వెంటనే బోర్లాపడుతుంది. తాడులా జారిపోయినా, కారణం లేకుండా తల ఆకాశం వైపు మెలితిప్పి అలాగే ఉండిపోయినా దాని నరాల్లో ఏదో చెడింది. కొండచిలువల జాతుల్లో ఇలా తల మెలితిప్పడం చాలా చెడ్డ గుర్తు. ఇవన్నీ చూశాక అమ్మేవాణ్ణి మూడు అడగాలి. ఎక్కడ పుట్టింది? ఏం తింటోంది? చివరిసారి ఎప్పుడు తింది? వీలైతే కళ్ళముందు తినిపించమనాలి.

ఈ గుర్తుల్లో చాలావాటిని మావాళ్ళు ఏ పుస్తకమూ చదవకుండానే పట్టేస్తారు. ఎలుక బొరియల ముందు కుండలో గడ్డి పెట్టి పొగ ఊదేవాళ్ళకు ఏ బొరియలో ఎలుక ఉందో, ఏ బొరియలో పాము ఉందో ముందే తెలియాలి. లేకపోతే చెయ్యి పోతుంది. కన్నం అంచున మట్టి నున్నబడిన తీరు, పక్కన పడిన రెట్ట, ముళ్ళకంపకు తగిలిన కుబుసం చూసి లోపలున్నది ఏదో, ఎంతదో చెప్పగలరు. తమిళనాడులో ఇరుల జనం కూడా అంతే. చూపు ఒకటే అయినా చూశాక చేసే పని వేరు. అంగట్లో నిలబడినవాడు తీసుకుపోవడానికి చూస్తాడు. గట్టు మీద నిలబడినవాడు పట్టాలా, వదలాలా, పక్కకు తప్పుకోవాలా అని చూస్తాడు. మూడు దారులున్న చూపుకూ ఒక్క దారే ఉన్న చూపుకూ తేడా ఉంది.

ఇక ప్రశ్నలోకి వద్దాం. అంగట్లో రెండు గాజుపెట్టెలు పక్కపక్కనే ఉన్నాయనుకోండి. ఒకదాంట్లో నిగనిగలాడే పాము, రెండోదాంట్లో వెన్నెముక తేలి, కళ్ళు పొరలు కట్టిన పాము. మొదటిది తీసుకోండి, రెండోదాని మీద జాలిపడి మోసపోకండి అంటారు తెలిసినవాళ్ళు. మనసున్నవాడు మాత్రం అక్కడ ఆగిపోతాడు. నేను కొనకపోతే ఇది ఈ పెట్టెలోనే చచ్చిపోతుంది కదా, జాలితో కొంటే తప్పేమిటి అనుకుంటాడు.

జాలి తప్పు కాదు. కానీ అంగడికి జాలి అర్థం కాదు, అమ్మకమే అర్థమవుతుంది. మీరు ఏడుస్తూ ఇచ్చినా నవ్వుతూ ఇచ్చినా గల్లాపెట్టెలో పడే నోటు ఒకటే. జబ్బు పాము అమ్ముడైంది, పెట్టె ఖాళీ అయింది, రేపు ఇంకోటి వస్తుంది. దాన్నీ ఇలాగే ఎండబెట్టినా నష్టం లేదని అమ్మేవాడికి తెలిసింది. ఒక ప్రాణాన్ని కాపాడిన చెయ్యే ఇంకో ప్రాణానికి గుంట తవ్వినట్టవుతుంది. అందుకే జాలితో కొనవద్దన్న మాట కఠినంగా వినిపించినా సరైనదే అంటాను.

అయితే అక్కడితో ఆగిపోతే ఒప్పుకోను. జబ్బు పామును వదిలేసి దాని పక్కనున్న బాగున్నదాన్ని కొనుక్కుని వెళ్ళమనడంలో నాకు అభ్యంతరం ఉంది. ఆ జబ్బు పాము మనకు చెప్పేది తన గురించి మాత్రమే కాదు, తనను పెట్టిన చేతి గురించి. ఆ చేతే పక్క పెట్టెలోనూ నీళ్ళు పోసింది, ఆ చేతే తిండి వేసింది. నెత్తురు తాగే పురుగులు ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు పాకుతాయి. ఊపిరితిత్తుల జబ్బుల్లోనూ అంటుకునేవి ఉన్నాయి. ఈ రోజు బాగున్నట్టు కనిపించే పాము వంతు ఇంకా రాలేదేమో, అంతే. ఎలుకల మందు పెట్టిన గట్టు మీద ఎలుక ఎంత బలిసి ఉన్నా మావాళ్ళు ముట్టరు. ఎలుకను చూసే ముందు గట్టును చూస్తారు. పాము విషయంలోనూ అదే న్యాయం. ఒక పెట్టెలో పట్టించుకోని పాము ఉంటే ఆ అంగట్లో ఏ పామూ కొనదగింది కాదు. వట్టి చేతులతో రావాలి. వచ్చే ముందు ఎందుకు కొనలేదో అమ్మేవాడి ముఖం మీద చెప్పాలి. ఆ పామును వైద్యుడికి చూపించమని అడగాలి, అవసరమైతే అధికారులకు తెలపాలి. జాలికి అదొక్కటే సరైన దారి. డబ్బు ఇవ్వడం కన్నా ఇది కష్టం, ఎందుకంటే దీనివల్ల మనకు ఇంటికి తీసుకుపోయేది ఏదీ ఉండదు.

అసలు బాగుండడం అంటే ఏమిటన్నది ఇంకో చిక్కు. బాల్ పైథాన్ అనే చిన్న కొండచిలువ ఉంది. బెదిరితే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. పెంచుకునేవాళ్ళకు దీని మీద మోజు ఎక్కువ. రంగులు, మచ్చలు కొత్తగా రావాలని తరాల తరబడి జతలు కట్టించి రకరకాలు పుట్టించారు. వాటిలో స్పైడర్ అనే రకం ఒకటి. ఒంటి మీద సాలెగూడులాంటి సన్నటి గీతలతో చాలా అందంగా ఉంటుంది. కానీ ఆ అందం తెచ్చిన వారసత్వమే దానికి తల వణుకూ తెచ్చింది. కొన్నిటికి తల ఊగుతుంది, కొన్ని ఎరను గురిపెట్టలేవు, కొన్ని వెల్లకిలా పడి తిప్పుకోలేక తన్నుకుంటాయి. బ్రిటన్‌లో కొన్ని ప్రదర్శనల్లో ఈ రకం అమ్మకాన్ని ఆపేశారు. ఆ పాము ముక్కు పొడిగా ఉండొచ్చు, కళ్ళు తేటగా ఉండొచ్చు, కడుపు నిండా తినొచ్చు. పరీక్షలో నెగ్గినట్టే. కానీ ఆ జబ్బు ఏ అంగడివాడి నిర్లక్ష్యం వల్లా వచ్చింది కాదు. కొనేవాడి ఇష్టంలోంచి పుట్టింది. ఇలాంటి చోట పాము ఒళ్ళు వెతికితే సరిపోదు, మన కోరికను వెతుక్కోవాలి.

ఈ బాల్ పైథాన్ సొంతూరు ఆఫ్రికా. ఘానా, టోగో, బెనిన్ దేశాల పల్లెల్లో పొలాల మధ్య ఎలుక బొరియల్లో ఉంటుంది. ఆ ఊళ్ళ జనం బొరియలు తవ్వి గుడ్లతో ఉన్న ఆడపాముల్ని, గుడ్లను తెచ్చి అమ్ముతారు. పొదిగిన పిల్లలు విమానాల్లో దేశాలు దాటుతాయి. బొరియ తవ్వినవాడికి దక్కేది కొద్దిపాటి పైకం. ఈ సంగతి తెలిసినప్పుడు ఆ మనిషి నాకు పరాయివాడిగా తోచలేదు. చీకటి బొరియలో చెయ్యి పెట్టడం అంటే ఏమిటో మాకు తెలుసు. ఆ సరుకు చేతులు మారేకొద్దీ ధర ఎలా పెరుగుతుందో కూడా తెలుసు. విచిత్రం ఏమిటంటే అదే బెనిన్‌లో వీదా అనే పట్టణంలో ఈ పాముకు గుడి ఉంది. గుడిలోని పాములు అప్పుడప్పుడు ఊళ్ళోకి వస్తాయి, ఇళ్ళల్లో దూరతాయి. వాటిని ఎవరూ కొట్టరు, మెల్లగా తెచ్చి గుడిలో వదులుతారు. ఒకే దేశంలో, ఒకే పాము. ఒకచోట అతిథి, ఇంకోచోట సరుకు.

అడవి నుంచి పట్టి తెచ్చిన పాము ఒంటి మీద పిడుదులు, కడుపులో పురుగులు ఎక్కువ. బెదురు వల్ల తిండి మానేస్తుంది. అందుకే పెంపకంలో పుట్టినదాన్నే కొనమంటారు. మంచి సలహానే. కానీ అందులో చెప్పని సగం ఒకటుంది. అడవి పాము జబ్బుపడింది అడవి వల్ల కాదు, ప్రయాణం వల్ల, సంచి వల్ల, పెట్టె వల్ల. పురుగులు దానికి అడవిలోనూ ఉండేవి, వాటితోనే అది బతికేది. దాన్ని ఓడించింది బెదురు.

బాగున్న పామునే కొన్నా కథ బాగా ముగుస్తుందన్న భరోసా లేదు. అమెరికాలోని ఫ్లోరిడా దీనికి సాక్ష్యం. బర్మా కొండచిలువ పిల్లగా సుమారు రెండడుగులు ఉంటుంది, నిగనిగలాడుతుంది, చేతిలో ఒదుగుతుంది. కొన్నేళ్ళకు పదిహేను అడుగులు దాటగలదు. అప్పుడు కుందేళ్ళు తెచ్చి వేయలేక, పెట్టె చాలక కొందరు రాత్రిపూట కాలువగట్టున వదిలేశారు. ఎవర్‌గ్లేడ్స్ అనే పెద్ద చిత్తడి అడవిలో అవి పిల్లల్ని పెట్టి పెరిగాయి. 2012లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం అవి ఎక్కువకాలంగా ఉన్న ప్రాంతాల్లో రోడ్ల వెంట రకూన్లు కనపడడం 99 శాతం, అడవిపిల్లులు కనపడడం 87 శాతం తగ్గింది. ఆ ఏడే అమెరికా వీటి దిగుమతిని, రాష్ట్రాల మధ్య రవాణాను నిషేధించింది. అడవిలో వదిలిన ఆ పాముల్లో జబ్బువి ఉంటే అప్పుడే చచ్చి ఉండేవి. బతికి అడవిని ఖాళీ చేసినవి బాగున్నవే. ఆరోగ్యం దానంతటది మంచి కాదు. దాన్ని ఎక్కడ పెట్టామన్నదాని మీద ఉంది.

ఆ పాముల్ని పట్టడానికి 2017లో ఫ్లోరిడావాళ్ళు పిలిపించుకున్నది ఎవరిని? తమిళనాడు ఇరుల తెగకు చెందిన మాసి సదయన్, వడివేల్ గోపాల్‌లను. చేతిలో ఒక ఇనుప గడ్డపార, కళ్ళలో జాడ పట్టే చూపు. మొదటి రెండు వారాల్లోనే 13 కొండచిలువల్ని పట్టారు, అందులో ఒకటి 16 అడుగుల ఆడది. 2023లో మన ప్రభుత్వం ఆ ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చింది. గర్వించాల్సిన సంగతే. కానీ ఆ గర్వం పక్కనే ఒక బరువు కూడా ఉంది. అక్కడ పట్టుకున్న కొండచిలువల్ని చంపేస్తారు, వదలడానికి వీల్లేదు. ఎవరో ముచ్చటపడి కొన్నదానికి చివరి లెక్క కట్టడానికి ఇంకో ఖండం నుంచి ఆదివాసీ చేతులు కావలసి వచ్చాయి.

ఆ ఇరుల జనం తమ నేల మీద చేసే పని వేరు. ఒకప్పుడు వాళ్ళు తోళ్ళ వ్యాపారం కోసం పాముల్ని పట్టేవారు. 1972లో వన్యప్రాణి చట్టం, 1976లో పాముతోళ్ళ ఎగుమతి నిషేధం వచ్చాక ఆ బతుకు ఆగిపోయింది. 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి ఈ నాలుగింటినీ అనుమతి ఉన్నన్ని పట్టి, కొద్ది వారాలు కుండల్లో ఉంచి, విషం తీసి, తిరిగి బయట వదిలేస్తారు. వదిలే ముందు పొట్ట పొలుసు మీద చిన్న గుర్తు పెడతారు, ఆ పామునే మళ్ళీ వెంటనే పట్టకుండా. ఆ విషంతోనే పాముకాటుకు విరుగుడు మందు తయారవుతుంది. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని ఒక అంచనా. వాళ్ళలో ఎక్కువమంది పల్లెల్లోనివాళ్ళే, చెప్పులు లేకుండా పొలంలో నడిచే మనలాంటివాళ్ళే. పామును బాగా చూసుకోవడం అక్కడ సరదా కాదు. పాము చిక్కిపోతే విషం రాదు, విషం రాకపోతే మందు లేదు. అయినా అవసరం తీరాక పాము పాముగా వెళ్ళిపోతుంది.

ఇది చెబుతూ మనవైపు తప్పుల్ని దాచకూడదు. నాగులచవితికి బుట్టల్లో తెచ్చి ఆడించే నాగుపాముల్ని చూడండి. కోరలు పీకుతారు, కొందరు నోరు కుడతారు, దాహానికి ఎండబెట్టి పాలు పట్టిస్తారు. పాము పాలు అరిగించుకోలేదు. పీకిన కోరల చోట చీము పట్టి చాలా పాములు చస్తాయి. పైన చెప్పిన పరీక్షల్లో ఆ బుట్టలోని పాము ఒక్కదాంట్లోనూ నెగ్గదు. ఆకలి దాన్ని ఆడించేవాడిదే కావచ్చు, కానీ నొప్పి పాముది. పేదరికం కారణం అవుతుంది గానీ సమాధానం కాదు. చట్టం దాన్ని ఆపడం సరైనదే.

నా గొడవల్లా చట్టం చూపు రెండు చోట్ల రెండు రకాలుగా ఉండడం మీద. మన నేల మీద పుట్టిన పామును పట్టి ఇంట్లో ఉంచుకుంటే నేరం. సంచిలో జెర్రిపోతు ఉన్న పేదవాణ్ణి అడవి సిబ్బంది పట్టుకుంటే కేసు. విదేశీ పామును గాజుపెట్టెలో పెట్టుకున్నవాడికి 2024లో వచ్చిన నియమాల ప్రకారం ఒక వెబ్‌సైట్‌లో నమోదు చేసుకునే దారి ఉంది. నమోదు ఉండడం మంచిదే, అది లేకపోవడం కన్నా మేలు. కానీ కాగితం ఉన్నవాడికి పాము భాష వచ్చా అని ఎవరూ అడగరు. పాము భాష వచ్చినవాడి దగ్గర కాగితం లేదు. ఈ తెలివికి విలువ కట్టే రోజు రావాలంటే మావాళ్ళకు పెట్టెలో పాము పెంచే హక్కు అక్కర్లేదు. ఇళ్ళల్లోకి వచ్చిన పామును చంపకుండా పట్టి వదిలే పనికి శిక్షణ, గుర్తింపు, కూలి ఇస్తే చాలు.

మరి పామును కొనవచ్చా, కూడదా? ఊరికే కూడదని తీర్పు చెప్పను. పామును ప్రేమించి, దాని ఊపిరి చప్పుడు మారితే నిద్రలేచేవాళ్ళు ఆ దేశాల్లో ఉన్నారు. అలాంటివాళ్ళ వల్ల పాముల జబ్బుల గురించి ఎంతో తెలిసింది కూడా. కానీ పాము మనల్ని తిరిగి ప్రేమించదు. తోక ఊపదు, గడప దగ్గర ఎదురుచూడదు. బాల్ పైథాన్ ఇరవై ముప్పై ఏళ్ళు బతుకుతుంది. అన్నేళ్ళపాటు కృతజ్ఞత లేని ఒక ప్రాణాన్ని, దానికి కావలసినట్టు, మనకు కావలసినట్టు కాకుండా చూసుకోగలమా అన్నదే అసలు పరీక్ష. అందులో నెగ్గాల్సింది పాము కాదు.

కాబట్టి పాము కళ్ళు చూసే ముందు కొనేవాడు కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. ఇది పెద్దదయ్యాక ఎక్కడ ఉంటుంది? నేను జబ్బుపడితే, ఊరు మారితే, చనిపోతే దీన్ని ఎవరు చూస్తారు? దీన్ని పట్టిన చేతికి, పెంచిన చేతికి ఏం దక్కింది? దీని పక్క పెట్టెలోది ఎలా ఉంది? ఈ నాలుగింట్లో ఏ ఒక్కదానికి జవాబు రాకపోయినా ఆ పాము ఎంత బాగున్నా వదిలేసి రావాలి. గట్టు మీద మావాళ్ళు రోజూ చేసేది అదే. చూస్తారు, ఏదో తెలుసుకుంటారు, దాని దారి దానికి వదిలి తమ పనికి తాము వెళ్తారు.